కొత్తగూడెమునకొక కళోత్సవము

గనిలో పైకప్పు కూలినచో ఆ వార్త మరునాటి పత్రికలలో పెద్ద యక్షరములతో వచ్చును. గనిలో పనిచేయువాని మనస్సు క్రుంగినచో ఆ వార్త వాని యింటి గడప దాటదు. 2003 జూన్ 16వ తేదీన గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోనికి నీరు చొచ్చుకొనివచ్చి 17 గురు కార్మికులు మరణించినప్పుడు తెలుగునాడంతయు విలపించెను, విచారణ జరిగెను, బాధ్యులెవ్వరను చర్చ నడచెను. జరుగవలసినదే. కాని యొక కార్మికుడు నెలల తరబడి నిద్రలేక, మస్టరు పడక, ఎవరితోను మాటాడక, తుదకు క్వార్టరు గదిలో తలుపు వైచికొని కూర్చుండినప్పుడు ఏ విచారణ సంఘమును కూర్చుండదు. వాని భార్య ఇరుగుపొరుగువారితో "ఒంట్లో బాగుండలేదు" అని మాత్రము చెప్పును. తల్లి తాయెత్తు కట్టించును. తోడివారు "తాగి పాడయినాడు" అని తీర్పు చెప్పుదురు. ఈ మూడింటిలో నే యొక్కటియు వ్యాధి పేరు కాదు.

ఆ పేరును నలుగురిలో పలుకుటకు మనవారికి ధైర్యము కలుగవలెనన్న ఉపన్యాసములు చాలవనియు, ఆటపాటలు కావలెననియు మా యభిప్రాయము. కొత్తగూడెమున మనోవ్యాధులను గూర్చి యేటేట నొక కళోత్సవము జరుగవలెను. దానిని ప్రభుత్వశాఖలు గాని, కంపెనీ గాని కాక, ఊరివారే స్వచ్ఛంద సేవకులై నడుపవలెను. ఇది వింతకోర్కెగా తోచవచ్చును గావున కారణములు విన్నవించెదము.

మొదట స్థలమును గూర్చి. 1871లో భూగర్భ పరిశోధకుడు డాక్టరు కింగు ఇల్లెందు చేరువ బొగ్గును గుర్తించెను. 1889లో త్రవ్వకము మొదలయ్యెను. 1920 డిశంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ యేర్పడెను. నాటి నుండి ఈ సీమ చరిత్రయంతయు బొగ్గు చుట్టునే తిరిగినది. పల్లెలు విడిచి పొట్ట చేతబట్టుకొని వచ్చినవారు గనిని 'బాయి' యని పిలిచి, ఆ బాయినే నమ్ముకొనిరి. తట్ట, చెమ్మసు పట్టి బొగ్గు నింపిన తరము గడచిపోయినది. 1990వ దశకపు తొలినాళ్లలో సంస్థలో లక్షకు పైబడిన కార్మికులుండగా నేడు వారి సంఖ్య నలుబదివేల ప్రాంతమునకు దిగినది. బొగ్గు మాత్రము తగ్గలేదు, పెరిగినది. ఓపెన్‌కాస్టు గనులును యంత్రములును మనుష్యుని స్థానము నాక్రమించినవి. మిగిలిన పనిలో చాలభాగము కాంట్రాక్టు కార్మికుల పాలయ్యెను.

ఈ మార్పు అవసరమా, అనవసరమా యనునది వేరు చర్చ. దాని ఫలితము ఇండ్లలోపల నెట్లున్నదో చూడుడు. తండ్రికి బాయి పని, కొడుకునకు నిరీక్షణ. తండ్రి మూడు షిఫ్టులలో నిద్ర చెడినవాడు. కొడుకు పనిలేక నిద్ర చెడినవాడు. ఇరువురును ఒక్క గదిలోనే పరుండవలెను. అనారోగ్యమువలన విధులకు అనర్హుడని వైద్యమండలి నిర్ణయించిన కార్మికుని వారసునకు ఉద్యోగమిచ్చు పద్ధతి యొకటి సింగరేణిలో నున్నది. అది కార్మికులు పోరాడి సాధించుకొన్నది, మేము దాని నాక్షేపింపము. కాని దానికొక చీకటికోణము కలదు. నిజముగ మనస్సు చెడినవానిని సయితము "కొడుకు కొలువు కొరకు నాటకమాడుచున్నాడు" అని తోడివారు శంకించుటకు వీలు కలుగుచున్నది. కాలు విరిగినచో శంకింపరు, ఎక్స్‌రే యున్నది. మనస్సు విరిగినదనుటకు సాక్ష్యము రోగి మాటయే. ఆ మాటకే విలువ లేకపోయినచో వాడేమి చేయును? మాటాడుట మానును. మరల తలుపు వైచికొనును.

బొగ్గుగనులవారి గొడవ మనకెందుకని పొలములు గల పాఠకులు పుట తిప్పవలదు. ఈ విషయమున క్వార్టరు కంటె మేడ గొప్పది కాదు. ఒక్కొక్కప్పుడు మేడయే హీనము. కార్మికుని యిల్లు రెండు గదులది, దాచుటకు చోటు లేదు. ఆస్తిపరుని యింట మేడమీద గది కలదు, పొలము కడ కొట్టము కలదు, దూరపు బంధువుల ఊరు కలదు. ఆడుపిల్లల పెండ్లిండ్లు పూర్తియగు వరకు తమ్ముని, లేక మేనత్తను, బయటివారి కంటబడకుండ నుంచిన కుటుంబములు ఏ తాలూకాలో లేవు? "వారి యింట ఆ జాడ్యమున్నది" అను నొక్క మాటతో సంబంధములు తప్పిపోవునను భయమే దీనికంతటికిని మూలము. ఆ భయమువలన వైద్యము పది సంవత్సరములు వెనుకబడును. పదియేండ్ల పిదప వైద్యుడు చేయగలది స్వల్పము. అప్పుడు "చూచితిరా, ఇది నయముకాని వ్యాధి" యని మనమే యందుము.

లెక్కలు చూతము. 2015-16లో బెంగుళూరు నిమ్హాన్సు సంస్థ జరిపిన జాతీయ మానసికారోగ్య సర్వేలో వయోజనులలో నూటికి 10.6 మంది అప్పటికి ఏదో యొక మనోవ్యాధితో నున్నట్లు తేలెను. వ్యాధిని బట్టి నూటికి 70 మొదలు 92 మంది వరకు చికిత్స లేకయే యుండిరి. ఆ సర్వే 12 రాష్ట్రములలో జరిగినది. ఆ పండ్రెండింటిలో తెలుగు రాష్ట్రము ఒక్కటియు లేదు. మన దుఃఖము లెక్కకు సయితము ఎక్కలేదన్నమాట. 2022లో దేశమున ఆత్మహత్య చేసికొన్నవారు 1,70,924 మందియని జాతీయ నేర నమోదు కార్యాలయము ప్రకటించెను. వారిలో నాలుగింట నొకరు దినకూలీలు. ఈ లెక్క నేరములు నమోదుచేయు కార్యాలయము నుండి రావలసి యుండుటయే మన దృష్టి యెట్టిదో చెప్పుచున్నది.

చట్టము మనకంటె ముందు నడచినదని యొప్పుకొనక తప్పదు. 1912 నాటి ఆంగ్లప్రభుత్వపు శాసనము రోగిని ఉన్మత్తునిగా చూచి కట్టడి చేయుటకు పుట్టినది. 1987లో మరియొక చట్టము వచ్చెను. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గా చెంత నడుచుచుండిన యొక ప్రైవేటు ఆశ్రమమున నిప్పంటుకొనగా, గొలుసులతో కట్టబడియున్న రోగులు కదలలేక 28 మంది ప్రాణములు కోల్పోయిరి. వారిని కట్టివైచినది క్రూరత్వము మాత్రమే కాదు. మరి యేమి చేయవలెనో యెరుగని బంధువుల నిస్సహాయత గూడ. తరువాత 2017లో చేయబడి 2018 మే 29 నుండి అమలునకు వచ్చిన మానసికారోగ్య సంరక్షణ చట్టము రోగిని గొలుసులతో బంధించుటను నిషేధించినది. చికిత్స పొందుట రోగి హక్కని చెప్పినది. ఆత్మహత్యకు యత్నించినవాడు తీవ్రమైన మానసిక ఒత్తిడిలో నున్నట్లు భావింపవలెనే కాని శిక్షింపరాదని నిర్దేశించినది. 2022 అక్టోబరు 10న టెలీ మానస్ అను ఉచిత సహాయము ప్రారంభింపబడినది. 14416 సంఖ్యకు ఫోను చేసిన యెడల తెలుగులోనే మాటాడవచ్చును. అదే సంవత్సరము నవంబరులో కొత్తగూడెము, రామగుండము, మంచిర్యాలలలో ప్రభుత్వ వైద్యకళాశాలలు తెరువబడినవి. మనోవ్యాధికి వైద్యము కావలెనన్న సుమారు 280 కిలోమీటర్లు పోయి హైదరాబాదు ఎఱ్ఱగడ్డ చేరుట తప్ప గత్యంతరములేని దినములు క్రమముగ తొలగుచున్నవి.

ఎఱ్ఱగడ్డ యన జ్ఞప్తికి వచ్చినది. ఆ పేటలో వేలమంది సుఖముగ కాపురము లుండగా, ఆ పేరు మాత్రము మన నోట నొక తిట్టుగా మారినది. విశాఖపట్టణమువారు వాల్తేరు పేరు నట్లే వాడుదురు. చలనచిత్రములలో హాస్యము సన్నగిల్లినప్పుడెల్ల నొక ఆసుపత్రి దృశ్యము, చిరిగిన బట్టలతో నలుగురు వికారముగ గెంతుట, హాలంతయు పగలబడి నవ్వుట, ఇది మనకు పరిపాటియైపోయినది. ఆ హాలులో నెవ్వని తమ్ముడు ఆ యాసుపత్రిలో నున్నాడో వాడును నవ్వవలసినదే. నవ్వకున్న పక్కవాడు గుర్తించును. మందు ఉన్నది, చట్టమున్నది, వైద్యుడు దగ్గరకు వచ్చినాడు. అయినను మనిషి ఆసుపత్రి మెట్లెక్కకుండుటకు కారణము ఆ నవ్వు. ఆ నవ్వును కళయే నేర్పినది గనుక దానిని మాన్పించు భారమును కళమీదనే యున్నది.

ఇది కేవలము ఊహ కాదనుటకు మన పొరుగుననే నిదర్శనము కలదు. అశ్వారావుపేట దాటిన తరువాత వచ్చు నాటి పశ్చిమ గోదావరి జిల్లాలో, గత దశకమున జార్జి ఇన్‌స్టిట్యూటు అను పరిశోధన సంస్థవారు 'స్మార్ట్ మెంటల్ హెల్త్' అను పేర నొక కార్యక్రమము నడపిరి. ఆశా కార్యకర్తలకు శిక్షణ యిచ్చిరి. వారి చేతికి టాబ్లెట్లిచ్చి ఇల్లిల్లు తిరిగి మనస్సు బాగోగు లడిగించిరి. దానితోపాటు గ్రామములలో వీధినాటకము లాడించిరి. వ్యాధిని అనుభవించి తేరుకొన్నవారే స్వయముగ చెప్పుకొన్న మాటలను దృశ్యరూపమున చూపించిరి. గిరిజన గ్రామములలో జరిగిన తొలివిడత ముగియునప్పటికి మానసిక వైద్యసేవల వినియోగము నూటికి 0.8 నుండి 12.6కు పెరిగినట్లు ప్రకటించిరి. ఇదంతయు నాటకము మహిమయే యనుట అతిశయోక్తి. కాగితములు వ్రాసికొన్న ఆశా కార్యకర్త లేనిచో, ప్రాథమికారోగ్య కేంద్రమున వైద్యుడు లేనిచో, నాటకము చూచినవారు ఎక్కడికి పోవుదురు? కాని ఆశా కార్యకర్త వచ్చి యడిగినప్పుడు తలుపు తీయుటకు ముందు మనస్సు మెత్తబడవలెను. ఆ పని నాటకము చేసినది.

విదేశములను చూచినను ఇట్లే యున్నది. స్కాట్లండున 2007లో మానసికారోగ్య కళోత్సవ మొకటి ఆరంభమైనది. ఊరూరి సంఘములు నాటకములు, చలనచిత్రములు, చిత్రలేఖనములు ప్రదర్శించును. చెన్నపట్టణమున డాక్టరు శారదా మీనన్ 1984లో నెలకొల్పిన స్కార్ఫ్ సంస్థ మనోవ్యాధులను గూర్చి చలనచిత్రోత్సవములు జరిపినది. 2019లో ప్రపంచ ఆరోగ్యసంస్థ ఐరోపా శాఖవారు మూడువేలకు మించిన పరిశోధనలను ఏకముగ సమీక్షించి, కళలు ఆరోగ్యమునకు తోడ్పడుననుటకు ఆధారములు కలవని తేల్చిరి.

అయితే మాకు వీనియన్నిటికంటె ఆసక్తి గొలిపినది బొగ్గుగనులవారి కథ యొకటి. ఇంగ్లండున ఆషింగ్టను అను గనులపట్టణమున 1934లో కొందరు కార్మికులు చిత్రకళను గూర్చి తెలిసికొనగోరి సాయంకాలపు తరగతి యేర్పరచుకొనిరి. రాబర్టు లయను అను బోధకుడు వచ్చి, ప్రాచీన చిత్రముల నీడలను గోడపై చూపుచు ఉపన్యసించెను. వారికది రుచింపలేదు. అప్పుడాయన కుంచెలు వారి చేతికే యిచ్చెను. గనిలో వంగి బొగ్గు కొట్టుట, గుఱ్ఱమును తోలుట, ఇంటిముందు తోట, ఇట్టివి వారు చిత్రించిరి. చిత్రకారులైన తరువాతను గనిపని మానలేదు. ఆ చిత్రములు నేడు అచ్చటి వుడ్‌హార్ను గని ప్రదర్శనశాలలో నున్నవి. వారు మనోవ్యాధికి మందుగా చిత్రములు వ్రాయలేదు, నిజమే. కాని రోజంతయు చీకటిలో నుండు మనుష్యుడు తన చీకటిని తానే బయటపెట్టి చూచుకొనవచ్చునని వారు నిరూపించిరి. అదే 1934లో ఖమ్మమునందు ఆంధ్రమహాసభ సమావేశమై నిజాము రాష్ట్రాంధ్రులు తమ భాషలో తమ కష్టసుఖములు చెప్పుకొను హక్కును గూర్చి చర్చించుచుండిరి. రెండు సభలకు సంబంధమేమియు లేదు. ఆ సంవత్సరమట్టిది కాబోలు.

మనకు కుంచెలు కొత్త కావచ్చును గాని గొంతు కొత్త కాదు. భద్రాచలము రోడ్డు అను పేరుగల స్టేషనులో దిగువారు దిగునది కొత్తగూడెములోనే. ఆ భద్రాచల రాముని కొరకు గోలకొండ చెరలో మగ్గిన కంచెర్ల గోపన్న తన వేదనను దాచుకొనలేదు. దేవుని నిలవేసి అడిగెను, నిందించెను, మరల శరణు వేడెను. ఆ దుఃఖమును మనము మూడు శతాబ్దములుగ భజనలలో పాడుకొనుచున్నాము. రామదాసు వేదనను పాడుటకు సిగ్గుపడని జాతి సొంత తమ్ముని వేదనను పలుకుటకు సిగ్గుపడుట యెట్టి న్యాయము?

మణుగూరు ప్రాంతపు కూనవరము వాస్తవ్యుడు సకిని రామచంద్రయ్య కోయల డోలు మ్రోగించుచు సమ్మక్క సారలమ్మల కథను, తన జాతి వీరుల కథలను పరంపరగ గానము చేసెను. 2022లో పద్మశ్రీ పొంది, 2024లో దివంగతుడయ్యెను. అతడు పాడిన ఆ మేడారపు జాతరలో పూనకము వచ్చిన స్త్రీని జనము పరిహసింపదు. దారి విడుచును, పడిపోకుండ పట్టుకొనును, నీరిచ్చును. పూనకము వ్యాధియని మేమనుట లేదు, ఆ వివాదము మాకు వలదు. మనస్సు అదుపు తప్పిన మనిషిని చూచినప్పుడు చుట్టునున్నవారు చేయవలసిన దేమో మనవారికి తెలియక కాదని మాత్రము చెప్పుచున్నాము. జాతరలో తెలిసినది ఇంటిలో మరచుచున్నారు. ఇంటిలో నదే స్త్రీ నెలలపాటు ఏడ్చినచో గాలి సోకినదందురు. ఇంకొక అడుగు పోయినచో చేతబడి, బాణామతి యని పొరుగింటి ముసలిదానిపై నెపము వైతురు. ఒక వ్యాధికి ఇరువురు బలియగుదురు.

ఇక కథచెప్పు కళకు తెలంగాణమున కొదువ యేమున్నది? చుక్క సత్తయ్య వంటివారు ఒగ్గుకథతో వేలమందిని తెల్లవార్లు కదలకుండ కూర్చుండబెట్టిరి. బతుకమ్మ పాటలలో ఆడుపడుచులు అత్తింటి యారళ్లను, పుట్టింటి బెంగను వలయముగ తిరుగుచు నెవరికిని వెరువక చెప్పుకొందురు. ఏ వైద్యుని గదిలో నింత స్వేచ్ఛగా వారు మాటాడగలరు? 1947లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు గారలు రచించిన 'మాభూమి' నాటకమును ప్రజానాట్యమండలివారు ఊరూర నాడినప్పుడు, అంతవరకు గుసగుసలుగ నున్న మాట బహిరంగముగ నోటికి వచ్చెను. నాజరు బుఱ్ఱకథయు నట్టిదే. భూములు గల మన పాఠకులలో కొందరి తాతలకు ఆ నాటకము రుచించి యుండదు. అయినను దాని బలమును వారును కాదనరు. రాష్ట్రోద్యమ కాలపు ధూంధాం సభలను చూచినవారు ఈనాటికిని మరువలేదు. ఒక విషయమును గూర్చి సిగ్గు పోగొట్టి, దానిని రచ్చకెక్కించుటకు ఈ సీమవారికి ఒకరు నేర్పనక్కరలేదు.

ఉత్సవ మెట్లుండవలెను? ముందు దానిని నడపువారిని గూర్చి. కంపెనీ సొమ్ముతో నడచినచో ఉపన్యాసము కంపెనీది యగును. నైటు షిఫ్టును గూర్చి, కాంట్రాక్టు కూలీ జీతమును గూర్చి యెవ్వరును పాడలేరు. కార్మిక సంఘమొకటి చేపట్టినచో రెండవ సంఘము ఆ పందిరి క్రిందికి రాదు. గుర్తింపు ఎన్నికల కాలమున నీ సీమలో గోడలకు సయితము రంగులుండును. ప్రభుత్వశాఖ చేపట్టినచో ఒక ఫ్లెక్సీ, ఒక ఛాయాచిత్రము, ఒక నివేదిక, అంతటితో సరి. కావున స్వచ్ఛంద సేవకులే గతి. మన దేశోద్యమమున సేవకులన నెట్టివారో జ్ఞప్తికి తెచ్చుకొనుడు. 1923 కాకినాడ కాంగ్రెసులో ఖద్దరు ప్రదర్శనశాల ద్వారమున నిలిచిన చిన్నారి దుర్గాబాయి, టిక్కెట్టు లేదని జవాహరులాలు నంతవానిని లోనికి పోనీయలేదు. ఆ నిక్కచ్చితనము గల పిల్లలు కొత్తగూడెము కళాశాలలలో నేడు లేరా? ఉపాధ్యాయులు, నర్సులు, పదవీవిరమణ చేసిన కార్మికులు, భజనమండలులవారు, కుట్టుపని నేర్పు స్త్రీలు చేరినచో పదిమంది యిరువది మందియగుదురు.

ఒక హెచ్చరిక మాత్రము గట్టిగ చేయవలసియున్నది. మంచి యుద్దేశముతో చెడుపు జరుగుట కిది అనువైన రంగము. ఆత్మహత్యను వేదికపై నటించి చూపరాదు; దాని మార్గమును వర్ణింపరాదు; దానిని త్యాగముగ పొగడరాదు. అట్టి ప్రదర్శన కన్నీరు తెప్పించును గాని ప్రేక్షకులలో అప్పటికే క్రుంగియున్న వానికి అదియే దారి చూపినట్లగును. కష్టము నుండి బయటపడిన మనిషి కథ చెప్పుడు. ఎవరు చేయి పట్టుకొనిరో చెప్పుడు. రోగులను వేదికపైకి లాగి జాలి చూపించుటయు అట్లే నిషిద్ధము. తన కథ తాను చెప్పదలచినవాడు చెప్పును, పేరు దాచుకొని వ్రాసి యిచ్చినచో మరియొకరు చదువుదురు, ఏదియు వలదన్నవాడు డప్పు వాయించును, లేక కుర్చీలు సర్దును. ఆ కుర్చీలు సర్దుటలోనే సగము వైద్యమున్నదని మా నమ్మకము. నెలల తరబడి ఎవరికిని పనికిరానివాడుగ ఎంచబడిన మనిషికి "రేపు ఆరుగంటలకు రమ్ము, నీవు లేకున్న పందిరి లేవదు" అని యొకరు చెప్పుటకంటె గొప్ప మాట యే మందు సీసాలో నున్నది?

పందిరి కొక మూల చిన్న బల్ల వేయవలెను. వైద్యకళాశాల నుండి మానసిక వైద్యుడో, శిక్షణ పొందిన సలహాదారో అచ్చట నుండవలెను. బల్లమీద బోర్డు అవసరము లేదు. బోర్డున్నచో నెవ్వరును రారు. టీ యిచ్చు బల్ల ప్రక్కననే వేసినచో మేలు, టీ కొరకు వచ్చినట్లు వచ్చి మాటాడిపోవుదురు. సేవకులు సయితము ముందుగ రెండు మూడు దినములు శిక్షణ పొందవలెను: ఎదుటివాని మాట మధ్యలో త్రుంపకుండ వినుట యెట్లు, "నీకేమి తక్కువ" అను మాట యేల అనరాదు, ఎప్పుడు వైద్యుని పిలువవలెను. పాట ముగిసి పందిరి విప్పిన తరువాతనే అసలు పని మొదలగును. పాట విని కదలిన మనిషి మరునాడు ఆసుపత్రికి పోయినప్పుడు అచ్చట వైద్యుడు సెలవులో నున్నచో, మందు లేదన్నచో, వాడు మరల పదియేండ్లు రాడు. ఆ బాధ్యత వైద్యశాఖది. ఉత్సవ సంఘమువారు నెలనెలా పోయి అడుగుచుండవలెను.

"ఉద్యోగములు లేక మనస్సులు చెడుచుండగా పాటలు పాడుడనుట న్యాయమా?" అని అడుగువారు కలరు. వారి కోపము సకారణము. ఉపాధికి బదులుగ ఉత్సవము చూపుదురేని అది మోసమే. కాని ఉపాధి దొరకువరకు మనిషి బ్రతికి యుండవలెను గదా. పైగా మనోవ్యాధి యంతయు పేదరికమునుండి పుట్టునదియు కాదు. మేడమీది గదుల మాట పైననే చెప్పితిమి. మరికొందరు "ఇవి యింటి సంగతులు, రచ్చకీడ్చరాదు" అందురు. క్షయను గూర్చియు, కుష్ఠును గూర్చియు మన పెద్దలు ఇట్లే యనిరి. దాచినందువలన ఆ వ్యాధులు తగ్గినట్లు మేము వినలేదు.

ఖర్చు స్వల్పము. ప్రకాశము స్టేడియము విశాలమైనది కాని తొలియేట నంతటిది వలదు. ఒక బస్తీలో, ఒక పాఠశాల యావరణలో మూడు రాత్రులు చాలును. సద్దుల బతుకమ్మ ముగిసి, దసరా వెళ్లిన వెంటనే యైన అనుకూలము. స్త్రీల గొంతులు అప్పటికి పాటతో నుండును, ప్రపంచ మానసికారోగ్య దినమగు అక్టోబరు 10వ తేదీయు ఇంచుమించు ఆ రోజులలోనే వచ్చును. మొదటిరాత్రి ఒగ్గుకథ, రెండవరాత్రి కోయల డోలు, మూడవరాత్రి బస్తీ పిల్లలు తామే వ్రాసి యాడు నాటకము. నైటు షిఫ్టువారి కొరకు నొక ప్రదర్శన పగటిపూట పెట్టవలెను. వారిని మరచి గనులపట్టణమున ఉత్సవము చేయరాదు. బియ్యము, పప్పు, ఒక ట్రాక్టరు, కొన్ని తాటాకులు, ఇవి చుట్టుపట్ల రైతుల యిండ్ల లేనివి కావు. ఇచ్చు దాతలు తమ పేరు మైకులో చదివింపవలెనని కోరకున్నచో మరియు మేలు. వారు తామిచ్చిన బియ్యము వెంట మేడమీది గదిలోని తమ్ముని గూడ తీసికొనివచ్చి, పందిరిలో తమ ప్రక్కన కూర్చుండబెట్టుకొందురేని, ఆ రాత్రికి వేరొక కార్యక్రమము లేకున్నను లోటు లేదు.